తొడుగు చెప్పిన నిజం

"ఏమే జీళ్ళపాకం, రాత ఎగ్గొట్టడానికి ఇవాళా చెయ్యి నొప్పేనా?" అన్నాను మా మేనకోడలు ధృతితో.

దాని కీళ్ళు పుట్టుకతోనే వదులు. వేళ్ళు ఎటు వంచితే అటు వంగుతాయి, కాస్త రాస్తే నొప్పెడతాయి. అలాంటి పిల్లలకి ఇప్పుడు కళ్ళజోళ్ళలాగే చేతితొడుగులొచ్చాయి. నొప్పి పుడితే తొడుగు ఎర్రబడి, "నొప్పి నిజమే, కాసేపు ఆపండి" అంటుంది. టీచర్లు నమ్ముతారు. ఇంట్లో నేనొక్కణ్ణే నమ్మను.

"నాటకాలకీ ఎర్రబడుతుంది, చూడు!" అని ఆ తొడుగు నేను తగిలించుకున్నాను. ఉత్తుత్తిగా మూలుగుతూ పేజీడు రాశాను.

తొడుగు ఎర్రబడింది. "నొప్పి నిజమే" అంది.

"మోసపోయిందే!" అని పగలబడి నవ్వాను.

ధృతి నవ్వలేదు. నా బొటనవేలు మెల్లగా వంచింది. దాని వేలులాగే మణికట్టుకి ఆనింది.

"మావయ్యా, రాస్తే నీకు నొప్పి పుట్టదా?"

"పుడుతుంది. అందరికీ పుట్టేదేగా?"

"అందరికీ పుట్టదు మావయ్యా."

చెయ్యి నొప్పని మాస్టారికి అబద్ధం చెప్పి ఐదో తరగతిలోనే బడి మానేశానని నలభై ఏళ్ళుగా గొప్పలు చెప్పుకుంటున్నాను. అది అబద్ధమని ఇన్నాళ్ళూ గట్టిగా నమ్మిన వెర్రివెంగళప్పని నేనే.