పక్షుల రొదలో పేరు

మనవరాలి బారసాలకు బియ్యం తెస్తున్న పైడయ్య పడవను, దీవికి కూతవేటు దూరంలోనే వాసన పట్టే మర ఆపేసింది. మూటల్లో ఎలుక ఉందట. అది పట్టుబడేదాకా మనిషైనా దిగకూడదు.

"ఒక్క ఎలకేగదా మావా, దిగిపో!" పసిదాన్ని ఎత్తుకుని ఒడ్డునుంచి అరిచింది అతని భార్య నూకాలు.

"కడుపుతో ఉందేమోనే! మల్లీ ఒక్క గుడ్డు మిగల్దు!"

నూకాలుకు ఆ రోజులు గుర్తే. ఎలుకలు గుడ్లన్నీ తినేసి ఆకాశం మూగబోయిన కాలంలోనే ఆమె ఈ దీవికి కోడలై వచ్చింది. ఇప్పుడు సముద్రపు పక్షి ఆమె పొయ్యిలోనే గుడ్డు పెడితే, వంట పక్కింట్లో చేసుకుంటోంది.

ముహూర్తం దాటిపోతోంది. పిల్ల చెవిలో పేరు చెప్పాల్సింది తాతే. పైడయ్య గొంతు చించుకుని పిలిచాడు. అప్పుడే గుంపుగా లేచిన పక్షుల రొదలో ఒక్క ముక్కా వినబడలేదు.

పక్షుల గొంతులు ఏరి లెక్కపెట్టే పెట్టె ఇంటింటి చూరుకూ ఉంటుంది. నూకాలు తమదాన్ని తెచ్చి పిల్ల చెవి దగ్గర పెట్టింది. "ఈ గోల్లో మా మావ గొంతు ఏరు."

రొదంతా పక్కకు తప్పుకుంది. "నీలవేణీ!" అని తాత పిలుపు పిల్ల చెవిలో పడింది.

"ఈ గొంతు కొత్తది. లెక్కలో చేర్చనా?" అడిగింది పెట్టె.

నూకాలు పడవవైపు చూసింది.

"చేర్చు. అదీ ఈ దీవి పిట్టే."