ఒంటి తుమ్ము

కాలవలో పిల్ల పడడం గట్టు మీది కెమెరా స్తంభం చూసింది. తల్లి కేక వేసేలోపే అంబులెన్సుకు కబురందింది. డ్రైవరు నూకరత్నం సీటెక్కగానే, వెనక నర్సు దాలినాయుడు తుమ్మాడు. బండి కదలలేదు.

“ఒంటి తుమ్ము. కాసిన్ని మంచినీళ్లు తాగి బయలుదేరదాం,” అంది బండి.

పట్నంలోని కంప్యూటరును అడిగి నడిచే బండి కాదది. దాని బుర్ర దానిలోనే ఉంది. ఇక్కడి డ్రైవర్లను చూసి గోతులూ అడ్డదారులూ నేర్చినట్టే, తుమ్మితే ఆగడమూ నేర్చింది.

“అక్కడ పిల్ల పేనం పోతంటే నీకు సకునాలేటే?” అంది నూకరత్నం.

“కాదని వెళితే బాధ్యత నీదే.”

“నాదే! ఎప్పుడు కాదన్నాను?” అంటూ నూకరత్నం మీట లాగి, స్టీరింగు తన చేతుల్లోకి తీసుకుంది.

కాలవ గట్టున దాలినాయుడు ఛాతీ నొక్కగా నొక్కగా పిల్ల నీళ్లు కక్కి ఊపిరి పీల్చింది. బండెక్కించాక నూకరత్నం మీట వెనక్కి తోసి స్టీరింగు బండికే వదిలింది. ఆసుపత్రికి బయలుదేరబోతుంటే ఆ పిల్ల చిన్నగా తుమ్మింది. బండి టక్కున ఇంజిను ఆపేసింది.

నూకరత్నం డాష్‌బోర్డు మీద ఒక్కటి చరిచింది.

“పిల్లలు తుమ్మితే ఆగరే! చిరంజీవ అంటారు. అను!”

బండి ఒక్క క్షణం ఆలోచించింది.

“చిరంజీవ,” అని సైరను మోగించుకుంటూ దూసుకుపోయింది.