కళకళలాడే వీధి

మిల్లు మూతపడ్డాక లాడ్జిలో గదులన్నీ నిండడం అదే మొదటిసారి.

లాడ్జి నడిపే ఆవిడను వీధిలో చిన్నా పెద్దా అందరూ అక్కయ్య అనే పిలుస్తారు. ఆ రోజు కంగారులో ఆవిడకు పైగదుల తాళాలు ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు. వచ్చినవాళ్ళు మర్యాదస్థుల్లాగే ఉన్నారు. నలగని చొక్కాలు, చేతుల్లో తోలుసంచులు. వాళ్ళకు పెద్ద ఒక బట్టతలాయన. ఏ పని మీద వచ్చారని అడిగితే, "ఉందమ్మా, చిన్న పని," అని నవ్వి ఊరుకున్నాడు.

అప్పటికే లాడ్జి బేరానికొచ్చింది. సిమెంటు వ్యాపారి ఒకాయన కొంటానని తిరుగుతున్నాడు. మధ్యగోడలు పడగొట్టి బస్తాలు పెట్టుకుంటాడట. పోయిన భర్త తన చేత్తో రంగులేసిన తలుపులు చూసుకుని అక్కయ్య ప్రతిసారీ "రేపు చెబుతాను" అనేది.

"అమ్మేసెయ్ అక్కా. ఇద్దరం పట్నం పోయి బతుకుదాం," అనేవాడు టాక్సీ తోలే తమ్ముడు.

ఇంతలో టీకొట్టు బాబాయి గుట్టు కనిపెట్టాడు. బట్టతలాయన మిల్లు గేటు సందులోంచి లోపలికి తొంగిచూస్తుంటే కళ్ళారా చూశాడట. ఇంకేముంది, మిల్లు కొనడానికొచ్చిన కంపెనీవాళ్ళని తేల్చేశాడు. సాయంత్రం లాడ్జి వరండాలో అందరినీ పోగేశాడు.

"వాళ్ళు ప్రతి కొట్టుకూ వెళ్ళి వ్యాపారం ఎలా ఉందని అడుగుతున్నారు. చూశారుగా? ఊరు చితికిపోయిందని మనమే ఏడిస్తే ఎవడు డబ్బు పెడతాడు? గేదెను కొనేవాడికి పాలు తగ్గాయని మనమే చెప్తామా?"

"అంటే ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నమాట," అన్నాడు తమ్ముడు.

"అయితే నువ్వూ ఒక భుజం పట్టు," అంది అక్కయ్య.

మర్నాటి నుంచి వీధికి ఎక్కడలేని ఊపొచ్చింది. బట్టతలాయన గుడ్డలకొట్టు వైపు నడుస్తుంటే దర్జీ భార్య, ఆవిడ తోడికోడళ్ళు వెనక గుమ్మంలోంచి దూరి బేరాలు మొదలుపెట్టేవాళ్ళు. ఆయన చెప్పులకొట్టుకు మళ్ళితే వాళ్ళే సందుగుండా పరుగెత్తి అక్కడ చెప్పులు తొడిగి చూసుకునేవాళ్ళు. దర్జీ ఎప్పుడో కుట్టిన చొక్కాలు దండేనికి తగిలించి, "అన్నం తినే తీరిక లేదు సార్," అని వాపోయేవాడు. తమ్ముడైతే ఖాళీ టాక్సీని హారన్ కొట్టుకుంటూ అటూ ఇటూ తిప్పాడు. పెట్రోలు దండగని గొణుక్కున్నా తిప్పాడు.

నాటకంలో కాస్త నిజం కూడా కలిసింది. అతిథులు టీలు తాగారు, బట్టలు ఇస్త్రీ చేయించారు, జుట్టు కత్తిరించుకున్నారు. బట్టతలాయన కూడా మొహమాటానికి సెలూను కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. వీధిలో నలుగురి చేతుల్లో డబ్బాడింది.

"వీళ్ళు అద్దె ఎగ్గొట్టి పోయే బాపతు అక్కా. నా మాట విను," అన్నాడు తమ్ముడు.

ఎగ్గొట్టలేదు. వారం వారం అడక్కుండానే ఇచ్చారు. దాంతో అక్కయ్యకు ధైర్యం వచ్చేసింది. సిమెంటు వ్యాపారి ఆఖరి మాట అడగడానికి వస్తే కుర్చీ కూడా వెయ్యలేదు.

"అమ్మనండి. మిల్లు తెరిస్తే నాకే పైన ఇంకో అంతస్తు కావాలి."

ఆయన తిన్నగా పక్క ఊరెళ్ళి అక్కడ స్థలం కొనేసుకున్నాడు. అక్కయ్యకు చీమ కుట్టినట్టయినా లేదు. ఉన్న డబ్బంతా పెట్టి గదులన్నిటికీ కొత్త పరుపులు, దుప్పట్లు కొంది. గుడ్డలకొట్టాయనకు చాలాకాలానికి దొరికిన అసలైన బేరం అది.

ఆ దుప్పట్లు ఒక్క ఉతుకైనా చూడకముందే అతిథులు పెట్టెలు సర్దుకున్నారు. బట్టతలాయన తాళాలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పటికే వీధి వీధంతా వరండాలో చేరింది.

"మిల్లు సంగతి ఏం చేశారు బాబూ?" అడిగింది అక్కయ్య.

"మిల్లు సంగతి నాకేం తెలుసమ్మా?" అన్నాడాయన ఆశ్చర్యంగా. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మేమెవరమో ముందే తెలిస్తే జనం ఉన్నది ఉన్నట్టు చెప్పరని పైవాళ్ళు నోరు మెదపొద్దన్నారు. ఇప్పుడు పనైపోయింది కాబట్టి చెప్పొచ్చు."

అందరూ ముందుకు వంగారు. ఆయన మొహం వెలిగిపోతోంది. మంచి కబురు తన నోటితో చెప్పాలని ఆయనకూ సరదాగా ఉన్నట్టుంది.

"మిల్లు పోయి చితికిపోయిన ఊళ్ళను నిలబెట్టడానికి సర్కారు ఎంత సాయం చెయ్యాలో చూసి రమ్మని మమ్మల్ని పంపిందమ్మా, ఇంత కళకళలాడే వీధికి చిల్లిగవ్వ కూడా అక్కర్లేదని చెప్పి, మీ వాటా కూడా నిన్ననే పక్క ఊరికి ఇప్పించేశాం."