సూదికి నూటయాభై

"మొఖం మచ్చల దవాఖానకేనా బిడ్డా?"

మెట్టు మీద కాలు పెట్టబోతున్న ప్రమోదిని ఆగి వెనక్కి చూసింది.

ఎదురుగా సోడా దుకాణం అరుగు మీద ఒక ముసలమ్మ. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఎంత చెప్పిండు?"

"నీకెందుకవ్వా?"

"చెప్పు బిడ్డా. సూదికి ఇంత అన్నడా, మొత్తం మొఖానికి ఇంత అన్నడా?"

ప్రమోదినికి ఒళ్లు మండింది. డాక్టరు గారిని పట్టుకుని చెప్పిండు, అన్నడు అంటుందేమిటి!

ఆ గల్లీ నిండా దలాలులేనని, మాటల్లో పెట్టి ఇంకో డాక్టరు దగ్గరికి లాక్కుపోతారని చొప్పదండిలో తోటి పంతులమ్మ ముందే హెచ్చరించింది. కరీంనగర్‌లో బస్సు దిగి పావుగంట కాలేదు, అప్పుడే ఒకతె తగులుకుంది.

ప్రమోదిని లోపలికి వెళ్లిపోయింది.

ఆరేళ్ల వయసులో ఆమెకు అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది, ముఖం నిండా గుంటలు మిగిలాయి. ఇప్పుడు ముప్పై మూడేళ్లు. తల్లి పోయాక ఒక్క గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉంటోంది. మాట్లాడేవాళ్లు ఆమె చెవి వైపో, భుజం వైపో చూస్తూ మాట్లాడతారు. జూన్‌లో ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు ఆమెను చూసి ఏడుస్తారు. రెండు రోజులకు అలవాటు పడతారనుకోండి. ఆ రెండు రోజులూ ఆమె ఇంటికొచ్చి అన్నం తినదు.

ముఖంలోకి చూసి ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడితే చాలు. ఆమె కోరిక అంతే.

"గుంటలల్లకు మందు ఎక్కిస్తే నిండుతయి" అన్నాడు డాక్టరు. "సూదికి నూటయాభై."

ఎన్ని సూదులో ఆమె అడగలేదు. డాక్టరును ప్రశ్నలడిగితే హస్తవాసి చెడుతుందని మా వైపు నమ్మకం. చెప్పుల జత కోసం పది దుకాణాలు తిరిగే మనుషులం, సూది ముందు మాత్రం నోరు కట్టేసుకుంటాం.

మరుసటి వారం ముసలమ్మ అక్కడే ఉంది.

"ఎన్ని ఏసిండు బిడ్డా?"

"నాలుగు."

"ఇంక ఎన్ని అన్నడు? గడ్డ కడితే ఏం జేస్తనన్నడు?"

అవేవీ ప్రమోదిని డాక్టరును అడగలేదు. అడగనందుకే కోపం వచ్చింది.

ముసలమ్మ చాట పక్కన పెట్టి లేచింది. ప్రమోదిని గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది. పొగాకు వాసన వేస్తున్న బొటనవేలితో చెంప మీద గుంటలు తడిమింది.

"పోచమ్మ తల్లి పెట్టిన మొఖం. మంచిగనే ఉన్నది. ఎందుకు ఖరాబు చేసుకుంటవు? గడ్డలు కడితే మల్ల పోవు బిడ్డా. గిట్ల ఇద్దరు ఆడివిల్లలను చూసిన."

ప్రమోదిని ఆ చేతిని విసిరికొట్టింది.

"నీకు కమీషన్ ఎంతిస్తరే ముసలిదానా? ఇంకోసారి నా ఎంబడి పడితే పోలీసోళ్లకు చెప్త!"

"కమీషనా..."

ముసలమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. తల దించుకుని మళ్లీ ఆకు కత్తిరించసాగింది.

ఆ తర్వాత ప్రమోదిని వచ్చినప్పుడల్లా ఆమె ఊరికే చూసేది. ఒక్క మాటా అడగలేదు.

మూడు నెలల్లో ఇరవై రెండు సూదులయ్యాయి. తల్లి మెడలోని బంగారు గుండ్లు అమ్ముడుపోయాయి. రెండు వారాల పాటు చెంపలు నిండుగా కనబడ్డాయి. ప్రమోదిని కొత్త అద్దం కొనుక్కుంది.

తర్వాత కుడిచెంప గట్టిపడింది. గోళీలంత గడ్డలు లేచాయి. కింది రెప్ప కిందికి లాక్కుపోయింది.

జూన్‌లో పిల్లలు ఏడ్చారు. రెండు రోజులకు కాదు, వారానికీ మానలేదు. హెడ్మాస్టరు ఆమె చెవి వైపు చూస్తూ, తరగతికి వెళ్లొద్దనీ, ఆఫీసు గదిలో రిజిస్టర్లు చూసుకోమనీ చెప్పాడు.

మర్నాడే కరీంనగర్ బస్సెక్కింది. దవాఖానకు తాళం వేసి ఉంది.

అరుగూ ఖాళీగా ఉంది.

"ఈడ కూసునే అవ్వ ఏది?" సోడా దుకాణం మొండయ్యను అడిగింది. ఇన్నాళ్లూ ఆమె పేరైనా అడగలేదు.

"చంద్రవ్వనా? పోయిందమ్మా. ఇయ్యాల్టికి పన్నెండు రోజులు."

ప్రమోదిని అరుగు మీద కూలబడింది.

"ఆమె ఏ డాక్టరు మనిషి?"

"ఏ డాక్టరు మనిషి గాదు. నాలుగేండ్ల సంది పొద్దుగాల్ల వచ్చి, దవాఖాన బంద్ అయ్యేదాంక కూసునేది. వచ్చిన ఆడోళ్లనల్ల గదే అడిగేది. అందరు తిట్టినోళ్లే, ఒక్కలు ఇనలే. గిరాకీ పోతదని నేను సుత రెండుసార్లు లేపి పంపిన."

"ఎవరు లేరా ఆమెకు?"

"ఒక్కడే కొడుకు. వాని పైసల మెతుకు ముట్టనని ఏరువడ్డది. బీడీలు చేసుకొని బతికింది. ఆఖరికి తలకొరివి మాత్రం వాడే పెట్టిండు."

ప్రమోదిని చేయి తన గడ్డం మీదికి పోయింది. తల్లి పోయాక తన ముఖాన్ని అంత దగ్గరగా చూసిన మనిషి ఆమె ఒక్కతే. బాగుందని అన్నదీ ఆమె ఒక్కతే. ఆ చేతినే విసిరికొట్టింది. దుఃఖం ముంచుకొచ్చింది. ఎవరు చూస్తే ఏమని అక్కడే ఏడ్చింది.

"గా కొడుకు ఏడుంటడు?" కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

మొండయ్య గల్లీ మొగదల వైపు చూశాడు.

స్కూటరు వచ్చి దవాఖాన ముందు ఆగింది. కొత్తగా గుండు చేయించుకున్న డాక్టరు దిగి, ఖాళీ అరుగు వైపు ఒకసారి చూసి, తాళం తీశాడు.