నీడ అంచు

"సాయంత్రం బడిలో ఛాయా ప్రదర్శన" అని సైన్సు మాష్టారు కేశవప్ప చెప్పి పంపాడు. నాలుగు వీధులు తిరిగేసరికి అది "చాయ్ ప్రదర్శన" అయింది. ఛాయలో నీడ కరిగిపోయి, పాలూ చక్కెరా కలిశాయి.

డెంకణికోట దాటాక అడవిని ఆనుకున్న పల్లె. తొంభై ఎనిమిదో సంవత్సరం, డిసెంబరు. రాగులు కోతకొచ్చిన రోజులు. అయినా ఊరు ఊరంతా స్టీలు లోటాలతో బడికి తరలొచ్చింది. చేలకు కాపలా కాసేవాళ్ళు కూడా మంచును మంచెకే వదిలేసి, మంచి చాయ్ కోసం దిగొచ్చారు.

"చాయ్ యాడ సార్?" అన్నాడు కాపలా ఆంజప్ప, లోటా చూపిస్తూ.

"చాయ్ కాదప్పా, ఛాయ! నీడ!"

"నీడ తాగేదానికా ఇంత దూరం పిలిచినారు?"

జనం ఘొల్లుమన్నారు. కేశవప్ప నవ్వలేదు. ముందు వరసలో కుర్చీ వేయించుకున్న విద్యాధికారి వరదప్ప అసలే నవ్వలేదు.

కేశవప్ప పాఠం మానేసి పిల్లలతో ఆటలాడిస్తున్నాడని పైకి పితూరీ వెళ్ళింది. ఇవాళ అయ్యగారికి నచ్చితే ఆట నిలుస్తుంది. నచ్చకపోతే ఆట అటకెక్కుతుంది, మాష్టారు అంచెట్టి కొండలెక్కుతాడు. బడికీ బదిలీకీ మధ్య దూరం ఒక్క సంతకం.

"ఏమయ్యా, ఇది బోధనా, బొమ్మలాటా?" అన్నాడు వరదప్ప.

"రెండూ సార్. అడవి పక్క పిల్లలు గదా, ఏనుగును చేయమన్నాను. వెదురు బద్దలు, గోనెసంచులు, లోపల నలుగురు పిల్లలు. పొద్దు వాలే వేళ తెర వెనక నడుస్తారు. నీడ సంగతులు వాళ్ళే కనుక్కుంటారు."

"ఏం కనుక్కున్నారట?"

"తెరకు దూరంగా ఉంటే నీడ అంచు మసక. దగ్గరికొచ్చేకొద్దీ పదును."

"ఎందుకని?"

"అది నేను చెప్పలేదు సార్. ఇంకా వెతుకుతున్నారు."

"ప్రయోగం బాగుంది, ప్రయోజనం ఏదీ? జవాబు చెప్పనోడికి జీతమెందుకయ్యా?"

కేశవప్ప తెర వైపు చెయ్యి చూపించాడు.

తెర అంటే నాలుగు తెల్ల పంచెలు కలిపి కుట్టింది. బడి వెనక రెండు రాతి స్తంభాలకు కట్టారు. దాని అవతల గోడ లేదు. రాగి చేను, చేను చివర అడవి, అడవి మీద దిగిపోతున్న ఎర్రటి పొద్దు.

"అందరూ గమ్మునుండండి. డబ్బాలు కొట్టొద్దు. టపాకాయలు అసలే వద్దు" అన్నాడు కేశవప్ప, ఆంజప్ప వైపు చూస్తూ.

మొన్న అభ్యాసం జరుగుతుంటే, గోనె ఏనుగు నీడను నిజమనుకుని ఆంజప్ప టపాకాయ విసిరాడు. పిల్లలు జడుసుకుని ఏడ్చారు. ఊరు ఇంకా నవ్వుతూనే ఉంది.

తెర మీద ఒక మసక మచ్చ తేలింది. మబ్బు తునకలా కదిలింది. రెండు చెవులు మెల్లగా విచ్చుకున్నాయి.

"తొండం మా నేత్రేనమ్మా!" కాళమ్మ పక్కవాళ్ళను పొడిచి పొడిచి చెప్పింది. మనవరాలికి తొండం దక్కిందని ఆమెకు పొద్దుటినుంచీ కాళ్ళు నిలవడం లేదు.

ఆంజప్ప చెయ్యి జేబులోకి పోయింది.

"మళ్ళీ భయపడినాడప్పా మన ఆంజప్ప!" ఎవరో అన్నారు. చెయ్యి సిగ్గుపడి బయటికొచ్చింది.

నీడ వంగింది. తెర వెనక రాగి కంకులు పరపరమన్నాయి. ఆపైన ఒక నిట్టూర్పు, బరువుగా.

"శబ్దాలు కూడా చేస్తున్నారే!" వరదప్ప కుర్చీలో ముందుకు జరిగాడు. "మరి ఈ వాసనేంది?"

"నిజంలా ఉండాలని సంచులకు ఏనుగు లద్ది పూసినారు సార్."

అంటూనే కేశవప్ప తెర వైపు తేరిపార చూశాడు. నీడ అభ్యాసంలో కంటే పెద్దదిగా ఉంది. తల దాదాపు తెర పైఅంచు దాకా వచ్చింది. నేత్ర ఎవరి భుజాలెక్కిందో ఏమో. పడకుండా ఉంటే చాలు.

"దగ్గరికి రమ్మనవయ్యా! అంచు తేలుతుందంటివే, చూద్దాం!"

"దగ్గరికి రండమ్మా!" కేశవప్ప గట్టిగా కేకేశాడు.

నీడ ఆగింది. చెవులు ఆడటం మానేశాయి.

తర్వాత ఒక అడుగు. నేల లోపలెక్కడో ధమ్మంది. మరో అడుగు. మసక విడిపోయింది. అంచు కత్తితో కోసినట్టు తేలింది. ఎడమ చెవికి ఉన్న చిరుగు కనిపించింది. తొండం మీద వెంట్రుకలు కూడా కనిపించాయి.

"భేష్!" వరదప్ప లేచి నిలబడ్డాడు. "కేశవప్పా, నిన్ను ఈ బడి నుంచి ఎవడూ కదిలించడు. జిల్లాలో ఉన్న మాష్టర్లందరినీ పిలిపించి ఈ పాఠం చూపిస్తాను. నీడతోనే నన్ను నిలువునా పడగొట్టినావు గదయ్యా!"

కేశవప్ప కళ్ళు తడిశాయి. జనం చప్పట్లకు చేతులెత్తారు. వరదప్పే వారించాడు, పిల్లలు బెదురుతారని.

తెర ఇటువైపుకు ఉబ్బింది. తొండం కొస గుడ్డను తడుముతోంది, దేనికోసమో వెతుకుతున్నట్టు.

వరదప్ప ముచ్చటపడి తెర దగ్గరికి నడిచాడు. ఉబ్బిన చోట అరచెయ్యి ఆనించాడు.

"షేక్ హ్యాండ్ ఇవ్వమ్మా నేత్రా! అరే, వెచ్చగా ఉందే!"

"గోనె ఎండకు కాగింది సార్."

గుడ్డ ఆయన మణికట్టు చుట్టూ మెల్లగా చుట్టుకుంది. బిగిసింది.

"గట్టిపిల్లే!" వరదప్ప నవ్వాడు.

అప్పుడే జనం వెనక తరగతి గది తలుపు తెరుచుకుంది, గోనె ఏనుగును నెత్తిన మోసుకుంటూ నలుగురు పిల్లలు పరుగెత్తుకొచ్చారు, ముందున్న నేత్ర రొప్పుతూ అరిచింది: "సార్, తొండం ఊడిపోతే కుడతా ఉండిపోయినాము, ఇంకా మొదలు పెట్టలేదు గదా?"