చెవుల మీద చేతులు

కూతురు టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్లింది. ఇచ్చి వద్దామని బడికి వచ్చిన తల్లి మెట్ల దగ్గరే ఆగిపోయింది.

మెట్ల కింద చీకటి మూలలో కూతురు కూర్చుని ఉంది. ఎదురుగా ఆయా. ఆయా రెండు చేతులూ పిల్ల చెవుల మీద ఉన్నాయి.

"ఏయ్! నా కూతుర్ని ఏం చేస్తున్నావ్?"

ఒక్క అంగలో వెళ్లి ఆ చేతులు లాగి పారేసింది.

"అమ్మా, ఒక్క నిమిషం ఆగండి..."

అంతలో బడి గంట గణగణమంది. పిల్ల గుండెలవిసేలా అరిచి, నేల మీద పడి దొర్లింది.

"చూశావా? చెవులు ఎంతలా మెలిపెడితే ఇట్లా అరుస్తుంది!"

ఆయా ఏదో చెప్పబోయింది. వినే ఓపిక తల్లికి లేదు. పిల్లని తీసుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. కూర్చుంటే లేచింది, లేస్తే ఫోను తీసింది.

ఏడేళ్ల పాపకి మాటలు రావు. పిలిస్తే పలకదు. అయినా మామూలు బడిలో, నలుగురు పిల్లల మధ్యే చదవాలని తల్లి పంతం. మూడు బళ్లు వద్దన్నాయి. ఈ నాలుగోదాని చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ఇలాంటి పిల్లల తరఫున మాట్లాడే మధ్యవర్తి మేడమ్ వచ్చి కూర్చుంటే, పాప పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలన్న షరతు మీద సీటు దొరికింది.

బడివాళ్లు చూపించిన ఆ మనిషే ఈ ఆయా. కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి?

"ఆవిడ మాట కూడా వినొచ్చు కదా?" అన్నాడు భర్త.

"మీ మెతకదనం వల్లే ఇంతదాకా వచ్చింది. మీరు ఊరుకోండి."

భర్త ఊరుకున్నాడు. ఆ ఇంట్లో అది ఆయనకి అలవాటే.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో అందరూ చేరారు. పాప తండ్రి ఒడిలో కూర్చుని పెన్ను మూత తిప్పుతోంది. ఆయా తలుపు దగ్గర నిలబడింది.

"ఈ మనిషి ఇంక గేటు దాటి లోపలికి రాకూడదు. కాగితం మీద రాసివ్వండి," అంది తల్లి.

"ముందు ఆవిడ చెప్పేది విందాం," అంది మధ్యవర్తి.

"గంట కొట్టే ముందు పాపని..." మొదలుపెట్టింది ఆయా.

"కథలొద్దు. నా కళ్లతో నేను చూశాను."

ఆయా మొహం చిన్నబోయింది. "వద్దులెండి మేడమ్. తల్లికి నమ్మకం లేనిచోట నేనుండకూడదు."

వెళ్లబోతుంటే పాప ఆమె చూపుడు వేలు పట్టుకుంది. బయటివాళ్లెవరినీ ముట్టుకోని పిల్ల. ఎంతకీ వదలకపోతే తల్లే విడిపించింది.

ఆయా గుమ్మంలో ఆగింది. "గంటకి రెండు నిమిషాల ముందే మెట్ల కిందకి తీసుకెళ్లండి. అక్కడ చప్పుడు తక్కువ. చెవులు గట్టిగా మూయాలి."

"చేసిందంతా చేసి నాకే పాఠాలు చెబుతోంది!" అంది తల్లి.

కాగితం వచ్చింది. సంతకాలు పడ్డాయి. అందరికన్నా ముందు ప్రిన్సిపాలే పెట్టేశాడు.

అప్పుడు గంట మోగింది.

పాప అదే అరుపు అరిచింది. ఈసారి ఆ చెవుల మీద ఎవరి చేతులూ లేవు.

తల్లికి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో ఇలాంటి గంట లేదు, పాపకి ఆ చప్పుడు పడదని తనకి తెలిసే దారే లేదు. పరుగున వెళ్లి పాప చెవులు మూసింది. గంట ఆగాక కూడా చేతులు తీయలేకపోయింది.

"ఆవిణ్ణి పిలవండి సార్. కాళ్లు పట్టుకుంటాను."

"గేటు దాటకూడదని మీరే రాయించారు కదమ్మా."

"ఆ కాగితం చింపేయండి!"

"రెండు వైపులా ఒప్పుకుంటేనే మార్చగలం," అంది మధ్యవర్తి, ప్రిన్సిపాల్ వైపు చూస్తూ.

ప్రిన్సిపాల్ ఫైలు మూసేశాడు. "పక్కన మనిషి లేకపోతే సీటు ఉండదు. అదీ రాసుకున్నదే."

"పోనీ, మీ ఆయాల్లో ఇంకొకర్ని పెట్టండి."

"మా బడిలో ఆయాలే లేరమ్మా."

"అయితే ఉద్యోగం మానేసి నేనే వచ్చి కూర్చుంటా."

"కన్నవాళ్లు తరగతిలో కూర్చోకూడదు. అది ఇక్కడి నియమం."

తల్లి భర్త వైపు చూసింది. ఆయన పాప వీపు నిమురుతూ తలెత్తలేదు.

"మరి ఇన్నాళ్లూ కూర్చున్నావిడ ఎవరు?" అడిగింది మధ్యవర్తి. "జీతం ఎవరిచ్చారు?"

"జీతం ఏమీ లేదు. మీ పాప సంగతి విని తనే వచ్చి అడిగింది. ఎవరికీ చెప్పొద్దంది."

"ఎందుకు? మా పాపకి ఆవిడ ఏమవుతుందని?" అడిగింది తల్లి.

ప్రిన్సిపాల్ మూసిన ఫైలు పక్కకి జరిపాడు.

"ఏమీ కాదు. ఆరేళ్ల కిందట, ఇదే నియమం చెప్పి మేం ఇంటికి పంపేసిన పిల్లకి తల్లి."