పక్క మంచం దిల్షాద్

భాగమ్మ మూట కట్టుకుని మంచం దిగింది.

"యాడికి పోతున్నవ్ అక్కా?" పక్క మంచం మీది దిల్షాద్ అడిగింది.

"తాండూరు బస్సుకు. గడ్డకు ఇనుము తగిలితే ఒళ్ళంత పాకుతదంట. నేను కోయించుకోను."

నిన్న ఈ వికారాబాద్ ఆస్పత్రిలో చేరినప్పటి నుంచీ దిల్షాద్‌ని చూస్తే భాగమ్మకు ఒళ్ళు మంట. ఇద్దరికీ రొమ్ములో గడ్డే. అయినా ఆమెకు నవ్వులు, తనకు ఏడుపులు! దగ్గుతూ కూడా నవ్వుతుంది మనిషి. ఆమె మొగుడు జహూర్ బత్తాయి తొనలు వొలిచి నోట్లో పెడుతున్నాడు. తన మొగుడు జంగప్ప మాత్రం మంచం చూపించి, నాపరాళ్ళ పాలిష్ పనికి ఆలస్యమవుతోందంటూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

పెట్టి పుట్టింది మహాతల్లి, అనుకుంది కుళ్ళుకుంటూ.

జహూర్ చాయ్ తేవడానికి వెళ్ళగానే దిల్షాద్ పైట కాస్త జరిపింది. చంక పక్కన మానిపోయిన కుట్ల గీత.

"నాకూ కోసిండ్రు, చూడు. ముందు సూది ఇస్తరు, జాగ మొద్దువడ్తది. చిన్న ముక్క తీసి పట్నం పంపుతరు. గది ఏం గడ్డనో ఆడ చూసి చెప్తరు. గంతే."

"పాకదా?"

"కోస్తె పాకదు. ఇంట్ల దాస్తె పాకుతది."

"ముక్క తీస్తున్నరంటే పాడు రోగమేనేమో!"

"కాదక్కా. మస్తు మందికి ఉత్త గడ్డనే ఉంటది. తీస్తేనే తెలుస్తది."

ఈమెది ఉత్త గడ్డే అని తేలిపోయింది, అందుకే ఈ కులుకు! భాగమ్మకు కడుపు మండింది. ఈమె చేయించుకున్నది తను చేయించుకోలేదా? పంతంకొద్దీ మూట మంచం కిందికి తోసేసింది.

ఆ మధ్యాహ్నం ఆపరేషన్ గదికి పోతుంటే దిల్షాద్ చేయి ఊపింది. భాగమ్మ చూడనట్టే నడిచింది. తిరిగొచ్చేసరికి పక్క మంచం ఖాళీ.

డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో పట్నం నుంచి రిపోర్టు రావాలంటే నెల పట్టేది.

నెలకు మళ్ళీ వచ్చింది భాగమ్మ.

"ఉత్త గడ్డనే. ఫికర్ చెయ్యకు" అంది నర్సు రాహేలమ్మ.

భాగమ్మకు ప్రాణం లేచొచ్చింది. అయినా కుళ్ళు ఊరుకుంటుందా?

"దిల్షాద్‌కు నాకంటే ముందుగాల్నే తేలిపాయె. ఆమె నసీబే వేరు, సిస్టరమ్మా!"

రాహేలమ్మ రాస్తున్న చేయి ఆపింది.

"పోయిన వారమే మట్టి చేసిండ్రు."

"ఆమెది ఉత్త గడ్డ గాదా?" అంది భాగమ్మ.

"రెండేండ్లు ఎవ్వలికీ చెప్పకుండ దాచింది. ఊపిరితిత్తులకు పాకింది."

"మరి గట్ల నవ్విందిగదమ్మా, నా ముంగట!"

"ఇంగ మందు లేదు, ఇంటికి తీస్కపొమ్మని డాక్టరమ్మ నువ్వు జేరిననాడే చెప్పింది. దిల్షాదే 'తాండూరక్క భయపడ్తుంది, ఆమె లోపలికి పోయేదాక నేను కదల' అని మొగుని ఆపి కూసుంది."